పట్టాల పక్కన తువ్వాలు తడిపిన అన్నకు

విష్ణుపురం దాటిన గూడ్సు బండ్లు కృష్ణ వంతెన మీదుగా నడికుడి వైపు వెళ్లడం చూడాలని మొన్న నాన్నను తీసుకెళ్లాను. ఎండ, నాపరాళ్ల వేడి కలిసి ఆయనకు కళ్లు తిరిగాయి. నా సీసాలో చుక్క నీరు లేదు.

అప్పుడు వచ్చారు మీరు, భుజాన సుత్తి, స్పానరుతో పట్టాలు చూసుకుంటూ. నాన్నను వేపచెట్టు కిందికి నడిపించి, మీ తువ్వాలు తడిపి తలకు చుట్టారు. సీసా మూతతో కొంచెం కొంచెంగా నీళ్లు తాగించారు. మీకు మిగిలినవి అవే నీళ్లు! అంతలో సిమెంటు బండి వచ్చింది. "పెద్దాయనా, పెట్టెలు లెక్కపెట్టండి" అన్నారు. నాన్న వణుకుతున్న వేలితో 42 దాకా లెక్కపెట్టి నవ్వారు.

పేరు అడగలేదన్నా, క్షమించండి. ఆ తువ్వాలు ఉతికి భద్రంగా ఉంచాను.