గొడుగు అన్నందుకు సున్నా

సంపాదకులకు నమస్కారం.

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఈమధ్య మా మనవడికి ఒకచోట తెలివితేటల పరీక్ష పెట్టి, బుద్ధి మాంద్యమని కాగితం చేతికిచ్చారు. నేను పక్కనే కూర్చున్నాను. బొమ్మ చూపగానే వాడు ‘గొడుగు’ అన్నాడు. ఒడియాలో ‘ఛతా’ అనలేదని సున్నా వేశారు!

1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో వుంట్ అనే శాస్త్రవేత్త మనసును పరిశీలించే ప్రయోగశాల పెట్టాక సైకాలజీ కొలతల మీద నిలబడ్డ శాస్త్రమైంది. కొలవాలనుకున్నదాన్నే కొలుస్తున్నామా అని అది ముందు చూసుకోవాలి. ఇక్కడ కొలిచింది వాడి ఒడియాని. 1905లో ఫ్రాన్స్‌లో బినే, సిమోన్ అనే ఇద్దరు ఇలాంటి పరీక్ష తయారుచేసింది చదువులో సాయం కావాల్సిన పిల్లల్ని గుర్తించడానికే.

సరిహద్దు జిల్లాల్లో ఇంటి భాషలోనే ఈ పరీక్షలు పెట్టాలని అధికారులను వేడుకుంటున్నాను. ఆ రోజునుంచి వాడు బడికి వెళ్లనంటున్నాడు.

— ఒక తాతయ్య, పర్లాకిమిడి, గజపతి జిల్లా