పిన్ను వదులైతే బెంగళూరికేనా?

సంపాదకులు గారికి,

మా పాపకు ఏడేళ్లు. మెడలో పైనున్న మొదటి రెండు ఎముకలు కుదురుగా లేవని ఫిబ్రవరి ఆఖర్లో బెంగళూరులో వాటిని అతికించే ఫ్యూజన్ ఆపరేషన్ చేయించాం. ఆపరేషన్ బాగా చేశారు, దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. బాధంతా ఇంటికొచ్చాకే.

ఎముకలు అతుక్కునేదాకా మెడ కదలకూడదని హాలో వేశారు. తల చుట్టూ రింగు, దాన్ని పుర్రెకు పట్టి ఉంచే పిన్నులు, ఛాతీకి గట్టి జాకెట్, రెంటినీ కలిపే కడ్డీలు. పెద్దవాళ్లకు మామూలుగా నాలుగు పిన్నులు పెడతారట, పిల్లల పుర్రె పలుచన కాబట్టి ఎక్కువ పిన్నులు పెట్టి తక్కువ బిగిస్తారు, మా పాపకు ఎనిమిది. మూడు నెలలు అలాగే ఉండాలి. 'పాప తలకు మేకులు కొట్టించినారంట' అని వీధంతా చూసిపోయింది, అది వేరే కథ.

ఏప్రిల్‌లో ఒకరోజు పిన్ను దగ్గర టిక్కుటిక్కుమంటోందని పాప చెప్పింది. అనంతపురంలో రెండు ఆస్పత్రులు తిరిగాం, ఎవరూ చెయ్యి పెట్టలేదు, వేసినోళ్ల దగ్గరికే పొమ్మన్నారు. కారు మాట్లాడుకుని రెండు వందల కిలోమీటర్లకు పైగా, ప్రతి స్పీడ్ బ్రేకరుకూ గుండె నోట్లోకొచ్చేది. అక్కడ సరిచేయడానికి పావుగంట కూడా పట్టలేదు.

డిశ్చార్జి కాగితాలన్నీ ఇంగ్లిషులోనే ఉన్నాయి. ఎండలకు జాకెట్ లోపల దురద పెడుతుంటే మా అమ్మ పౌడరు చల్లింది, చల్లకూడదట. దానికన్నా పెద్ద తప్పు ఇంకోటి చేశాం. జాకెట్ విప్పే రెంచి ఎప్పుడూ జాకెట్‌కే అంటించి ఉండాలి, ఊపిరాగితే ఛాతీ మీద నొక్కడానికి ముందుభాగం వెంటనే తెరవాలి కాబట్టి. మేమేమో పారేస్తామేమోనని దాన్ని బీరువాలో పాస్‌బుక్కుల కింద దాచాం! నర్సింగ్ చదివే మా తమ్ముడి కొడుకు వచ్చి రెండో పేజీ చదివి చెప్పేదాకా, నెలన్నర.

మా జిల్లా పెద్దాసుపత్రి ఎముకల విభాగంలో వారానికి ఒక పూట ఇలాంటి పిల్లల పిన్నులు చూసే ఏర్పాటు చేయమని అధికారులను కోరుతున్నాను. ఆపరేషన్ చేసిన ఆస్పత్రులు బొమ్మలతో ఒక్క తెలుగు కాగితం ఇస్తే చాలు. రాసేవాళ్లు లేరనడానికి లేదు, మా పాప వార్డులోనే ఇద్దరు డాక్టర్లు మాతో చక్కగా తెలుగులో మాట్లాడారు.

ఇట్లు,
ఒక తండ్రి, అనంతపురం