ఇచ్చే దేశాల్లో మనం లేమా?

సంపాదకుల వారికి,

మన అభివృద్ధి పనులకు సాయం చేసే విదేశీ సహకార సంస్థల గురించి పది రోజుల క్రితం మీ పత్రికలో వచ్చిన కథనం చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు. జీఐజెడ్ 'నిధులిచ్చింది' అని రాశారు. అది జర్మనీ ప్రభుత్వానికి చెందిన సంస్థ. ప్రధానంగా పంపేది నిపుణులను, ఇచ్చేది శిక్షణ. అప్పులిచ్చేది కేఎఫ్‌డబ్ల్యూ అనే మరో ప్రభుత్వ బ్యాంకు. జపాన్ ప్రభుత్వ సహకార సంస్థ జైకా ఈ రెండు పనులూ చేస్తుంది. హుస్సేన్‌సాగర్ ప్రక్షాళనకు వారి నుంచి వచ్చింది దానం కాదు, రుణం. తీర్చవలసింది మనమే. ఈ తేడా చెప్పకపోతే పాఠకులకు ఎలా తెలుస్తుంది?

అంతకన్నా బాధించినది మరొకటి ఉంది. కథనమంతా మనం చేయి చాచిన దేశంగానే కనిపించాం. విదేశాల వారికి శిక్షణ ఇచ్చే మన ఐటెక్ కార్యక్రమం 1964లోనే మొదలైంది. 160కి పైగా దేశాల వారికి విమాన ఛార్జీలు, బస, భత్యం మన ప్రభుత్వమే భరించి శిక్షణ ఇస్తోంది. రాజేంద్రనగర్‌లోని గ్రామీణాభివృద్ధి సంస్థకు, యూసుఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల సంస్థకు ఏటా వచ్చే ఆఫ్రికా, ఆసియా అధికారులు మీ విలేకరి కంట పడనే లేదా?

నేను ఇటువంటి ఒక సంస్థలో చాలా ఏళ్లు పాఠం చెప్పాను. టాంజానియా నుంచి వచ్చిన ఒక అధికారి తిరిగి వెళ్లాక, తన జిల్లాలో మొదలుపెట్టిన పనిలో సందేహాలు వచ్చి ఉత్తరం రాశాడు. దాన్ని పైవారి దగ్గరికి తీసుకెళితే 'కోర్సు ముగిసింది, ఫైలు మూసేశాం' అన్నారు. ఆరు వారాలు అన్నం పెట్టి చదువు చెప్పిన మనిషికి ఒక్క జవాబు రాసే దిక్కు లేకపోయింది. జర్మన్లు, జపాన్ వారు అనేక దేశాల్లో సొంత కార్యాలయాలు పెట్టుకుని ఏళ్ల తరబడి పని వెంట ఉంటారు. మనవాళ్లకు సర్టిఫికెట్లు పంచి ఫొటో దిగడంతో పని పూర్తయినట్టే.

జర్మన్లకు, జపాన్ వారికి ఉన్నటువంటి ప్రత్యేక సంస్థను మన దేశంలోనూ నెలకొల్పుతామని 2007 కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో ప్రకటించారు. చివరికి 2012లో విదేశాంగ శాఖలోనే ఒక విభాగం పెట్టి సరిపెట్టారు. అక్కడి అధికారులు కొన్నేళ్లకోసారి మారిపోతారు, వారితోపాటే అనుభవమూ పోతుంది. ఏ శాఖలో చూసినా ఇదే వరస. ప్రకటించిన రోజున ఉన్న ఉత్సాహం మరుసటి ఏడాదికి ఉండదు, అడిగేవారూ ఉండరు.

ఆనాడు చెప్పిన సంస్థ ఏమైందని మన తెలుగు ఎంపీలలో ఒక్కరైనా పార్లమెంటులో అడగాలి. మీరు కూడా ఒక విలేకరిని రాజేంద్రనగర్ పంపి, అక్కడ చదువుకుంటున్న వారితో మాట్లాడించి రాయండి.

– ఒక విశ్రాంత అధ్యాపకుడు, హైదరాబాద్