మూలికల సంఘం వార్షిక నివేదిక: సా పల్మెట్టో సంగతి, మన ఈత మొక్కల సంగతి

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది తోటలో నేలవేము, తిప్పతీగ, నల్లేరు బాగా వచ్చినాయి, మీటింగుల్లో మాట్లాడుకున్నదే కాబట్టి మళ్ళీ రాయడం లేదు. జమాఖర్చులు ట్రెజరర్ గారు విడిగా పంపిస్తారు. ఏడాది పొడుగునా ఎక్కువ మంది అడిగింది సా పల్మెట్టో అనే అమెరికా చెట్టు కాయలతో చేసే మందు గురించే, అందుకే దాని గురించి కొంచెం వివరంగా రాస్తున్నా.

మన సంఘంలో అరవై దాటిన మగవాళ్ళు చానామంది ఉండారు, రాత్రిళ్ళు మూత్రానికి మాటిమాటికీ లేవాల్సి రావడం, ధార సన్నబడిపోవడం, ఇవన్నీ ఇంట్లో కూడా చెప్పుకోలేక ఆన్‌లైన్‌లో ఈ క్యాప్సూళ్ళు తెప్పించుకుని మింగుతా ఉన్నారని మీటింగ్‌లో ఒకాయన లేచి చెప్పినాకే అందరికీ తెలిసింది, అంత ధైర్యంగా మాట్లాడినందుకు ఆయనకు సంఘం తరఫున థ్యాంక్స్.

సా పల్మెట్టో అమెరికాలో, ముఖ్యంగా ఫ్లోరిడా, జార్జియా ఇసుక నేలల్లో పొదలా పెరిగే చెట్టు, ఆకు మన తాటాకు మాదిరే విచ్చుకుంటుంది, కాడకు రంపం పళ్ళు ఉంటాయి. అక్కడి ఆదివాసీలు ఈ కాయల్ని తిండికీ మందుకీ వాడేవాళ్ళు. ప్రోస్టేట్ (మగవాళ్ళకు మూత్రాశయం కింద ఉండే గ్రంథి) వాపుకు పనిచేస్తుందని పేరు పడింది గానీ, 2006లో వచ్చిన స్టడీలో 225 మందికి ఏడాది పాటు రోజుకు రెండుసార్లు 160 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే మందు లేని ఉత్తుత్తి మాత్రకూ దీనికీ తేడా కనపడలేదు. 2011లో ఇంకో స్టడీ, 369 మంది, డోసు మూడింతల దాకా పెంచినారు, అయినా అంతే. పెద్దగా హాని చేసే మందు కాదు, కానీ దీన్ని నమ్ముకుని డాక్టరు దగ్గరికి పోకుండా ఉండడం, అదీ అసలు ప్రమాదం. యూరిన్‌లో రక్తం పడినా, పూర్తిగా ఆగిపోయినా ఆ రోజే హాస్పిటల్‌కి పోండి. ఏదైనా ఆపరేషన్ ఉంటే ఈ క్యాప్సూల్ వాడుతున్నామని ముందే చెప్పండి.

ఇక సాగు. చంద్రగిరి వైపు మన రైతులు కొందరిని ఎవరో వచ్చి ఈ సా పల్మెట్టో మొక్కలు కొనమని, కాయలు మేమే కొంటామని అడిగినారంట. దయచేసి తొందరపడొద్దు. అమెరికాలో కూడా కాయల్లో ఎక్కువ భాగం అడవిలో కోసుకొచ్చేదే, 2018 నుంచి ఫ్లోరిడాలో కోతకు పర్మిట్ ఉండాలి. విత్తనం మొలవడానికే నెలలు, చెట్టు చాలా నిదానం, కాపుకు ఏళ్ళు పడతాయి. అప్పు చేసి పెట్టే పంట కాదబ్బా ఇది.

దానికన్నా మన ఈత చెట్లను చూసుకుందామని కమిటీలో అందరం అనుకున్నాం. స్వర్ణముఖి ఒడ్డునా, చెరువు కట్టల మీదా పొక్లెయిన్లతో పెరికేస్తున్నారు, మే, జూన్‌లో పిల్లోళ్ళకు ఈతపండ్లు దొరకాలంటే బస్టాండ్ దగ్గర బుట్టల్లో కొనాల్సిందే. చాపలు, చీపుర్లు అల్లుకుని బతికే ఇండ్లు ఉండాయి, వాళ్ళకు ఈ చెట్టు పోతే పనే పోతుంది. ఈతపండు రోగాన్ని తగ్గిస్తుందని మేము చెప్పడం లేదు, తియ్యటి పండు, పీచు ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్ళు మితంగా తినాలి. ఈతలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు, పూత వచ్చేదాకా ఏది ఏదో తెలియదు, అందుకని నాటేటప్పుడు ఎక్కువ మొక్కలు నాటుకోవాలి.

ఈసారి ఈత నర్సరీ మనమే పోస్తున్నాం. మీ ఊర్లో కండ పట్టిన, తియ్యటి పండు కాసే చెట్టు ఉంటే గింజలు కడిగి, నీడలో ఆరబెట్టి, ఏ చెట్టువో కాగితం మీద రాసి జూన్ మీటింగ్‌కి తీసుకురండి.