లారీ ఎక్కబోతున్న చిన్నోడికి

గాజువాక

చిన్నోడికి,

నాన్న ఆశీస్సులు. కంపెనీ యార్డులో టెస్టు పాసయ్యావని, వచ్చే వారం నుంచి ట్రైనర్‌తో పాటు లైను మీదికి పంపుతున్నారని తెలిసినప్పటి నుంచి ఇంట్లో ఇదే మాట. ఊళ్లో ఎవరు బండి కొన్నా ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడి ముందు పూజ చేయిస్తారు కదా, మనవాడి లారీని కూడా అక్కడికి తేవాలని అమ్మ పట్టుబట్టింది. కంపెనీ బండిని అలా తిప్పడం కుదరదని చెప్పాను. తనే వెళ్లి నీ పేరున అర్చన చేయించి వచ్చింది.

ఫోనులో చెబుదామంటే "సరే నాన్నా, సరే నాన్నా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా కూర్చుని చదువు.

నేను బండి నడిపిన రోజుల్లో మాకు ఓనరు ఒక్కడే. ఆయనా ఒకప్పుడు స్టీరింగ్ పట్టినవాడే. ఘాట్‌లో మంచు పట్టేసింది, ఆలస్యమవుతుంది అంటే మారుమాట్లాడకుండా సరే అనేవాడు. నీకు అలా ఉండదు. నీ లోడు చూసేది ఒకరు, నీ టైము చూసేది ఇంకొకరు, డీజిల్ లెక్క చూసేది మరొకరు. వాళ్లలో చాలామంది లారీ క్యాబిన్ ఎక్కి ఉండరు. వాళ్లేం చెడ్డవాళ్లు కారు. కంప్యూటర్‌లో వాళ్లకు కనిపించేది ఒక చుక్క, అంతే. ఆ చుక్క ఎందుకు ఆగిందో నువ్వు చెబితేనే తెలుస్తుంది. పెద్ద కంపెనీలో చేరిన కొత్త డ్రైవరు అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది ఇదేనని నా నమ్మకం: ఇబ్బంది వచ్చేలా ఉందని అనిపించగానే, టైము దాటిపోకముందే, ఆఫీసుకు చెప్పెయ్యడం. బండి పక్కకు ఆపి ఫోను చెయ్యి, ఆ వెంటనే వాట్సాప్‌లో మెసేజ్ కూడా పెట్టు. రేపు ఎవరైనా "నాకు చెప్పలేదు" అంటే టైముతో సహా చూపించొచ్చు.

లోడు సంగతి చూడు. మన స్టీల్ ప్లాంటు నుంచి వచ్చేవి ఎక్కువగా చువ్వలు, యాంగిల్స్, వైరు రాడ్ కాయిల్స్. కాయిల్‌ని చూస్తే ఇక కదలదు అనిపిస్తుంది. కింద రెండు పక్కలా చెక్క దిమ్మలు బిగువుగా పడకపోతే గట్టిగా ఒక్క బ్రేకు వేసేసరికి దొర్లుకుంటూ వస్తుంది. అంత బరువు మీదికొస్తే క్యాబిన్ వెనక రేకు ఆపలేదు. చువ్వలైతే ముందుకు జారతాయి. లోడు కట్టినవాళ్లు చేతులు దులుపుకుని వెళ్లిపోతారు, దారంతా దాంతో ఉండాల్సింది నువ్వే. ప్రతి గొలుసూ నీ చేత్తో లాగి చూడు. అనకాపల్లి చేరేలోపు ఒకసారి ఆపి మళ్లీ చూడు. మొదటి కుదుపులకు లోడు సర్దుకుంటుంది, అప్పటిదాకా బిగువుగా ఉన్న గొలుసు వదులవుతుంది. నీకు నచ్చకపోతే ప్లాంటు గేటు దాటకముందే చెప్పు. గేటు దాటిన తర్వాత చెబితే ఎవరూ వినరు.

బరువు విషయంలో మొహమాటం వద్దు. 2018లో పెంచిన లెక్క ప్రకారం పది టైర్ల లారీకి బండి బరువుతో కలిపి 28.5 టన్నుల వరకు హద్దు. అయినా నీ బండి ఆర్సీలో ఎంత రాసి ఉందో అదే నీకు ప్రమాణం. దాటితే 20,000 రూపాయల జరిమానా, పైన ప్రతి టన్నుకూ ఇంకో 2,000. ఎక్కువైన సరుకు దింపించాకే బండి వదులుతారు. కాటా చీటీ ఫోటో తీసి ఫోనులో ఉంచుకో. సరుకు వెంట ఉండాల్సిన ఈ-వే బిల్లు గడువు కూడా నువ్వే చూసుకో. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున లెక్క వేస్తారు, అంటే రాయ్‌పూర్ ట్రిప్పుకు మూడు రోజులు. దారిలో బండి చెడి లోడు ఇంకో లారీలోకి మార్చాల్సి వస్తే, బిల్లులో కొత్త బండి నంబరు ఎక్కేదాకా కదలొద్దు. ఆ మార్చే పని ఆఫీసువాళ్లది, అడిగి చేయించుకోవడం నీ పని.

రాయ్‌పూర్ అన్నాను కాబట్టి ఘాట్ గురించి కాస్త ఎక్కువే రాస్తాను. అక్కడి నుంచి బియ్యం లోడుతో మన పోర్టుకు వచ్చేటప్పుడు జగదల్‌పూర్, కొరాపుట్ దాటి సుంకి వచ్చావంటే అక్కడి నుంచి సాలూరు వైపు దిగుడు. ఎక్కడానికి ఏ గేరు పడుతుందో దిగడానికీ అదే గేరు, ఈ మాట ట్రైనర్ కూడా చెబుతాడు. ఆ గేరు మలుపులో వెతుక్కునేది కాదు, దిగుడు మొదలవకముందే వేసుకోవాలి. ఇంజన్ బ్రేకు వాడు. కాలు బ్రేకు పెడల్ మీదే ఉంచి తొక్కుతూ దిగితే బ్రేకు డ్రమ్ములు కాలిపోతాయి, లైనర్ మాడిన వాసన వస్తుంది, ఆ తర్వాత ఎంత తొక్కినా బ్రేకు పట్టదు. వాసన రాగానే వెడల్పుగా ఉన్న చోట పక్కకు తీసి, టైర్లకు రాళ్లు పెట్టి, చల్లారేదాకా కూర్చో. కాలిన డ్రమ్ము మీద నీళ్లు పొయ్యకు, పగులుతుంది. డీజిల్ మిగుల్తుందని న్యూట్రల్‌లో దిగే వాళ్లను చూస్తావు. వాళ్లు నీకంటే సీనియర్లే అయినా సరే, నువ్వు మాత్రం ఆ పని చెయ్యకు. సాలూరు లారీల ఊరు. అక్కడ ఏ షెడ్డులో అడిగినా ఆ రోజు ఘాట్ ఎలా ఉందో చెబుతారు, అడగడానికి నామోషీ పడకు.

నిద్ర గురించి అమ్మ ప్రత్యేకంగా రాయమంది. రాత్రిళ్లు హైవే మీద పోలీసులు లారీలు ఆపి డ్రైవర్లతో మొహం కడిగిస్తుంటారు. మంచి పనే. కానీ ఆ నీళ్ల వల్ల కళ్లు తెరుచుకునేది కాసేపే. తెల్లవారుజామున రెండు నుంచి అయిదు మధ్య తుని, అన్నవరం దారి ఖాళీగా, నున్నగా ఉంటుంది. కళ్లు తెరిచే ఉంటాయి, దాటిన ఊరు మాత్రం గుర్తుండదు. అలా ఒక ఊరు గుర్తు లేదనిపించిందంటే, తర్వాత కనిపించిన బంకులోకి బండి తిప్పి పడుకో. రోడ్డు అంచున మాత్రం ఆపకు. లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దిన బండ్లను ఈ రోడ్డు మీద చాలా చూశాను. 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టమే రోజుకు 8 గంటల పని, 5 గంటలు చేశాక కనీసం అరగంట విశ్రాంతి అని రాసింది. మాకు ఆ సంగతి చెప్పిన నాథుడు లేడు. నువ్వు చదువుకున్నవాడివి. "నిద్ర వస్తోంది, రెండు గంటలు ఆపుతున్నాను" అని మెసేజ్ పెట్టడానికి భయపడకు. కోప్పడితే కోప్పడనీ.

కెమెరా, జీపీఎస్ అంటే మీ బ్యాచ్ కుర్రాళ్లకు చిరాకని అన్నావు. నాకైతే అవి ఉండటమే మంచిదనిపిస్తుంది. అడ్డంగా బైకు వచ్చినప్పుడు లారీవాడిదే తప్పు అని జనం ముందే తేల్చేస్తారు. నీ తరఫున మాట్లాడేది ఆ కెమెరానే. ఏదైనా జరగరానిది జరిగితే ముందు 108కి ఫోను చెయ్యి, తర్వాత పోలీసులకు, కంపెనీకి. జనం మీద పడేలా ఉంటే దగ్గర్లోని స్టేషన్‌కు వెళ్లిపో, కానీ చెప్పకుండా మాత్రం మాయమవ్వకు.

రివర్స్ చేసేటప్పుడు దిగి చూడు. ఆటోనగర్ సందుల్లో, గోడౌన్లలో కొత్తవాళ్ల బండ్లు తగిలేది అక్కడే. వెనక హారన్లు కొడితే కొట్టనీ.

జీతం, బత్తా సంగతి నువ్వే మాట్లాడుకున్నావు, నేను కలగజేసుకోను. పీఎఫ్ నంబరు రాగానే ప్రతి నెలా డబ్బు పడుతోందో లేదో ఫోనులో చూసుకో. ఈఎస్ఐ ఉంటే కార్డులో మా పేర్లు ఎక్కించు. కోపంతో కాదు, అవసరంతో చెబుతున్నాను, అమ్మ మోకాళ్ల సంగతి నీకు తెలుసు. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. టైము ఇవ్వండి, చదివి పెడతాను అని మర్యాదగా అడుగు.

ట్రైనర్‌ని అన్నా అని పిలుస్తూ వెంట ఉండు. ఆయన బండి చుట్టూ తిరిగేటప్పుడు ఎక్కడెక్కడ ఆగుతాడో, రాడ్డుతో లోపలి టైరు కొట్టినప్పుడు ఏం వింటాడో గమనించు. గాలి ఉన్న టైరు రాడ్డును ఎగరగొడుతుంది, గాలి తగ్గినది మొద్దుగా చప్పుడు చేస్తుంది. అది పుస్తకంలో దొరకదు.

మొదటి ట్రిప్పు ఎటు వేశారో తెలియగానే చెప్పు. చెన్నై వైపైతే కూర్మన్నపాలెం దగ్గర ఆపడానికి వీలుందేమో ముందే ఆఫీసులో అడుగు. ఒప్పుకుంటే అమ్మ క్యారేజీ తెస్తుంది, మీ ట్రైనర్ అన్నకు కూడా. ఒప్పుకోకపోతే బండి ఆపొద్దు, ఇంటికొచ్చినప్పుడు తిందువుగాని.

నాన్న