ఓటీ లెక్కను కూడా టెన్త్ పేజీలో వేయండి

ఎడిటర్ గారికి,

మీ పేపర్లో టెన్త్ పిల్లల కోసం వేసే లెక్కల పేజీని మా ట్యూషన్ పిల్లలు కత్తిరించి దాచుకుంటారు, బాగానే ఉంటుంది, కానీ ఎన్నాళ్లండీ ఈ తండ్రి వయసు కొడుకు వయసుకు మూడు రెట్లు, నాలుగు పెన్నులు రెండు పుస్తకాలు? మాది ఆదోని. నా దగ్గరికొచ్చే పిల్లల్లో సగం మంది ఇళ్లల్లో ఎవరో ఒకరు పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లుకు పోతారు. పత్తి సీజన్లో ప్రతి బటవాడా రోజు ఆ ఇళ్లల్లో ఓటీ, అంటే అదనపు గంటల (ఓవర్‌టైమ్) కూలి లెక్క మీద గొడవ నడుస్తుంది, అది మాత్రం ఏ గైడులోనూ కనపడదు.

మొన్న ఒక పిల్లోడు వాళ్ల నాయన తెచ్చిన చీటీలు రెండు పట్టుకొచ్చాడు. పే స్లిప్ అనుకునేరు, క్యాలెండర్ కాగితం చింపి గుమస్తా పెన్నుతో గీకిన అంకెలు, అంతే. ఒక వారం 60 గంటలకు 3,780 రూపాయలు, ఇంకో వారం 54 గంటలకు 3,330. ఓటీ డబుల్ ఇస్తున్నామని మేస్త్రీ మాట. సరే, వారానికి 48 గంటలు మామూలు పని కదా, మామూలు గంటకు ఎక్స్, ఓటీ గంటకు వై అనుకోమన్నాను.

48 ఎక్స్ + 12 వై = 3,780
48 ఎక్స్ + 6 వై = 3,330

పైదాంట్లోంచి కిందది తీసేస్తే 6 వై = 450, అంటే వై 75. అది పైన పెడితే ఎక్స్ 60. డబుల్ అయితే 120 రావాల్సింది 75 వచ్చింది, గంటకు 45 కోత, రెండు వారాల 18 ఓటీ గంటలకు 810 రూపాయలు! పిల్లోడు రెండోసారి చేసి చూసుకున్నాడు, అదే వచ్చింది.

డబుల్ అనేది ఓనరు దయ కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్లోనే ఉండేది, ఇప్పుడున్న 2019 వేతనాల కోడ్‌లో కూడా రెట్టింపుకు తగ్గకూడదనే ఉంది. అంటే 60 గంటలు చేసినోడికి 72 గంటల కూలి రావాలి, ఇది నోటికొస్తే పెన్ను కూడా అక్కర్లేదు.

నెల జీతం వాళ్ల దగ్గర ఇంకో కిటుకు. 12,480 జీతాన్ని 26 పనిరోజులతో, 8 గంటలతో భాగిస్తే గంటకు 60. అదే 30తో భాగించారనుకోండి, 52కు పడిపోతుంది, అప్పుడు 104 చేతిలో పెట్టి డబులే ఇచ్చాం పో అంటారు. కొందరైతే అలవెన్సులు పక్కనపెట్టి ఒట్టి బేసిక్ మీదే కడతారు, ఆ 1948 చట్టంలో మాత్రం బోనస్ తప్ప అలవెన్సులు కలిపే లెక్క కట్టమని ఉండేది. అన్ని మిల్లులూ ఇట్లా చేస్తాయని నేననను, సరిగ్గా ఇచ్చేవాళ్లూ ఉన్నారు.

అందుకే అడిగేది, వారానికి ఒక్కటైనా ఇట్లాంటి లెక్క వేయండి. తాడిపత్రి బండల పాలిష్, రాయదుర్గం జీన్స్ కుట్టుపని, ఎర్రగుంట్ల సిమెంటు, మన సీమలో లెక్కలకు కరువా? అట్లాగే చీటీల మీద మామూలు గంటలు, ఓటీ గంటలు, దేని రేటు దానికి విడివిడిగా రాయించమని కార్మిక శాఖ వాళ్లకు చేరేలా ఒక వార్త కూడా వేయండి. మా పిల్లోడి చీటీలో గంటలన్నా ఉన్నాయి, చాలామందికి మొత్తం ఒక్కటే రాసి చేతిలో పెడుతున్నారు.

- ఒక లెక్కల టీచర్, ఆదోని, కర్నూలు జిల్లా