మెజార్టీ సంగతి తర్వాత, ముందు ఓటు అడగండి

సంపాదకుడు గారికి,

ఎన్నికలొస్తే చాలు, పత్రికల జిల్లా పేజీల్లో ఒక శీర్షిక తప్పకుండా పడుతుంది, 'గెలుపు లాంఛనమే, మెజార్టీపైనే గురి' అని. మళ్లీ స్థానిక ఎన్నికల మాటలు వినపడతున్నాయి కాబట్టి దాని గురించే రాస్తున్నాను.

2024లో అనంతపురం పాతూరులో మా సందుకు ఒక అభ్యర్థి వచ్చినాడు. వచ్చినాడంటే, ప్రచార రథం సందు మొదట్లో ఆగింది, ఆయన పైనుంచి చెయ్యి ఊపినాడు. మా ఎదురింటామె బిందె చంకన పెట్టుకునే పోయి, కాలువ పొంగి మురుగు ఇంట్లోకొస్తోందని చెప్పబోయింది. బండి పక్కన నడుస్తున్న పిల్లోడు "అన్న గెలిచేసినాడు లేక్కా, మెజార్టీ ఎంతనేదే ఇప్పుడు. నువ్వు పక్కకు రా" అన్నాడు. బండి కదిలిపోయింది. ఏ పార్టీయో రాయను. 2019లో ఇంకో జెండా కింద కూడా ఇదే మాట విన్నాను.

ఇట్లా మాట్లాడేవాళ్లకు సీమ లెక్కలు గుర్తున్నట్టు లేదు. ఉమ్మడి అనంతపురంలో 2019లో 14 అసెంబ్లీ సీట్లకు 12 వైఎస్సార్సీపీ గెలిస్తే, ఐదేళ్లు తిరిగేసరికి 14కు 14 టీడీపీ కూటమి ఖాతాలో పడినాయి. వైఎస్సార్సీపీ ఉమ్మడి కర్నూలులో 14 నుంచి 2కు, ఉమ్మడి కడపలో పదికి పది నుంచి 3కు దిగింది. రాష్ట్రంలోని 175 సీట్లూ మావేనంటూ 'వై నాట్ 175' అన్న ఆ పార్టీ 11 దగ్గర ఆగింది. అంతకుముందు అధికారంలో ఉన్న టీడీపీ 2019లో 23 దగ్గర ఆగింది. అంతెందుకు, నీలం సంజీవరెడ్డి గారంతటి వారినే 1971లో అనంతపురం ఓడించింది. 1977లో రాష్ట్రంలోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కు పోతే, మిగిలిన ఒక్క నంద్యాలలో గెలిచింది మళ్లీ ఆయనే. ఇక్కడి ఓటరు ఎవరి జేబులోనూ లేడు.

ఓడిపోతే వాళ్ల ఖర్మ, నాకు దాని మీద బాధ లేదు. నష్టం మాకు. నాయకుణ్ణి నిలబెట్టి మాట్లాడే వీలు మాకు దొరికేదే ఆ పదిహేను రోజులు. గెలిచేసినాననుకున్నోడు ఓటు అడగడు. అడగనోడికి మేం చెప్పేదెట్లా? ఓడిపోతానేమోనని గుబులున్నోడు మాత్రం మోరీ దాటుకొని గడప దాకా వస్తాడు. చేస్తానని అబద్ధమే చెప్పనీ, మా మాట చెవిన వేసుకొని పోతాడు కదా!

పందేల సంగతి వేరే చెప్పాల్నా? మైకులో యాభై వేల మెజార్టీ అని వినిపిస్తే, కింద చప్పట్లు కొట్టినోళ్లు నిజమనుకొని బైకులు, పొలాలు ఒడ్డుతున్నారు. మా బంధువుల్లోనే ఒకాయన గొర్రెలన్నీ అమ్ముకున్నాడు. అంకె చెప్పిన పెద్దమనిషి ఇటు తిరిగి చూడలేదు.

అందుకే నా విన్నపం పార్టీలకు కాదు, మీకు. అభ్యర్థి నోట వచ్చిన మెజార్టీని శీర్షికకు ఎక్కించొద్దు. ఆ పొద్దు ఆయన ఏ వీధిలో బండి దిగినాడు, అక్కడివాళ్లు ఏమడిగినారు, ఆయన ఏం చెప్పినాడు, అవి రాయండి. బండి దిగకుంటే దిగలేదనే రాయండి. మీ విలేకరి మా సందుకొస్తే ఎదురింటామె తానే చెబుతుంది. మొన్నటి వానకు కూడా ఆమె గడపకు ఇసుక మూటలు అడ్డం పెట్టుకునింది.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పాతూరు, అనంతపురం